మంత్రి గారి ఇంటి ఖర్చు లెక్క అడగడం ఎలా?

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో మంత్రుల క్వార్టర్స్ దగ్గర ఒకరోజు ట్రాఫిక్ ఆగిపోయింది. గ్రానైట్ పలకల లారీ ఒకటి గేటులోకి తిరగలేక ముందుకీ వెనక్కీ అవుతోంది. నేనెక్కిన ఆటో డ్రైవర్ ఇంజిన్ ఆపేసి, "ఇప్పుడున్న బండలకేమైంది సార్? మన పైసలే గదా పోయేది" అన్నాడు. జవాబు నాకూ తెలీదు. ఆ రాత్రే కూర్చుని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాశాను. తప్పుగా రాశాను.

"మంత్రుల ఇళ్ళకు ప్రజల సొమ్ము ఇంతగా ఎందుకు ఖర్చు పెడుతున్నారు? దీనికి బాధ్యులెవరు?" అని అడిగాను. ఇరవై తొమ్మిదో రోజున ఒక్క వాక్యంతో జవాబొచ్చింది: మీరు కోరినది సమాచారం అన్న నిర్వచనంలోకి రాదు. కోపమొచ్చింది గానీ, చట్టం తీసి చదివితే వాళ్ళు చెప్పింది కరెక్టే. మా కాలనీలో ఇంజినీరుగా రిటైరైన పెద్దాయన ఒకరు ఆ కాగితం చూసి నవ్వారు. "ప్రశ్న అడగొద్దు బాబూ, కాగితం అడుగు" అన్నారు.

2005 నాటి ఈ చట్టం మనకిచ్చింది ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డును చూసే హక్కు. "ఎందుకు", "ఇది న్యాయమా" అన్నవాటికి అధికారి కొత్తగా అభిప్రాయం రాసివ్వక్కర్లేదు. 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. అయితే ఆ "ఎందుకు" అన్నది ఎస్టిమేట్‌లోనో, అధికారులు తమ మాట రాసే నోట్ ఫైల్‌లోనో ఎవరో ఒకరు రాసే ఉంటారు. దాని నకలు అడగొచ్చు. అడిగే పద్ధతి ఇదీ.

ముందు ఒక్క ఇల్లు ఎంచుకోండి

"మంత్రులందరి ఇళ్ళకూ పదేళ్ళలో అయిన ఖర్చు" అని అడిగితే, అది వెతకడానికే ఆఫీసు పని ఆగిపోతుందంటూ సెక్షన్ 7(9) చూపిస్తారు. ఒక ఇల్లు, ఒక ఆర్థిక సంవత్సరం చాలు. మరీ చిన్నదిగా అనిపిస్తుంది గానీ, జవాబు వచ్చేది దానికే.

నగరంలో నాయకులకు ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ళు కొన్ని అందరికీ తెలిసినవే. బంజారాహిల్స్‌లో మంత్రుల క్వార్టర్స్. హైదర్‌గూడలో ఎమ్మెల్యే క్వార్టర్స్, 2019 జూన్ 17న ప్రారంభమైన 12 అంతస్తుల సముదాయం. అందులో ఎమ్మెల్యేలకు 120 ఫ్లాట్లు. మన తెలంగాణ అసెంబ్లీకి ఎన్నికయ్యేది 119 మంది; అప్పట్లో ఒక ఆంగ్లో ఇండియన్ నామినేటెడ్ సభ్యుడు కూడా ఉండేవారు, కలిపితే 120. ఆ నామినేటెడ్ సీటు 2020లో రద్దయింది. మిగిలిన ఆ ఒక్క ఫ్లాటు ఇప్పుడు ఎవరి కేటాయింపులో ఉంది? మొదటిసారి రాసేవాళ్ళకు ఇంతకంటే మంచి ప్రాక్టీసు దరఖాస్తు నాకు తోచదు.

ఇక బేగంపేటలోని ప్రజా భవన్. 2016 నవంబర్‌లో ప్రగతి భవన్ పేరుతో ముఖ్యమంత్రి నివాసంగా మొదలైంది, 2023 డిసెంబర్‌లో మహాత్మా జ్యోతిరావ్ ఫూలే ప్రజా భవన్ అయింది. దాని గురించి అడిగేటప్పుడు రెండు పేర్లూ రాయండి. లేకపోతే "ఆ పేరుతో రికార్డు లేదు" అని తప్పించుకునే సందు మీరే ఇచ్చినట్టవుతుంది.

ఏ కాగితం ఎవరి దగ్గరుంటుంది?

ఇల్లు ఎవరికిచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, ఎప్పుడు ఖాళీ చేశారు అన్న ఉత్తర్వులు సచివాలయంలోని సాధారణ పరిపాలన శాఖలో ఉంటాయి. ఎమ్మెల్యే క్వార్టర్స్ కేటాయింపయితే శాసనసభ సచివాలయం. గోడలు, నేల, రంగులు, ప్లంబింగ్, కరెంటు పనులన్నీ రోడ్లు భవనాల శాఖవి, అందరూ ఆర్ అండ్ బీ అనేది. దాని పెద్దాఫీసు ఎర్రమంజిల్‌లో ఉంది. ఆ ఇల్లు ఏ డివిజన్ కిందకొస్తుందో తెలియకపోతే టెన్షన్ పడొద్దు, పెద్దాఫీసుకే పంపండి. తమది కాని దరఖాస్తును ఐదు రోజుల్లోగా సంబంధిత ఆఫీసుకు బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతోంది.

రాసే ముందు బడ్జెట్ పుస్తకం ఒకసారి తిప్పితే మంచిది. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, చదవడం విసుగే. 2216 అనే పద్దు చూడండి, అది గృహాలది. ప్రభుత్వ నివాస భవనాల నిర్వహణ అందులో ఉంటుంది. 2059 ప్రజా పనులది. 2013 మంత్రిమండలిది. ఒకే ఇంటి ఖర్చు రెండు మూడు పద్దుల్లో చెదిరి ఉండొచ్చు. అందుకే ఏదో ఒక పద్దు అంకె పట్టుకుని "ఇదే మొత్తం ఖర్చు" అని ఎవరికీ చెప్పకండి.

దరఖాస్తులో ఏం రాయాలి?

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే అంటుంది. పైన "పౌర సమాచార అధికారి గారికి" అని రాసి, కింద ఇలా:

"బంజారాహిల్స్ మంత్రుల నివాస సముదాయంలోని ఫలానా నంబరు క్వార్టర్‌కు సంబంధించి 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు:
1. చేపట్టిన పనుల జాబితా, ఒక్కో పనికి ఇచ్చిన పరిపాలనా మంజూరు ఉత్తర్వు నకలు.
2. ఒక్కో పని ఎస్టిమేట్, టెండర్ ద్వారా ఇచ్చారో నామినేషన్ మీద (టెండర్ లేకుండా నేరుగా) ఇచ్చారో తెలిపే రికార్డు, వర్క్ ఆర్డర్ నకలు.
3. ఆ పనుల ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లుల నకళ్ళు.
4. పై రికార్డులను స్వయంగా చూసుకునేందుకు తేదీ, సమయం."

క్వార్టర్ నంబరు రాయండి, మంత్రి పేరు రాయొద్దు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పేరు పెట్టి అడిగితే "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపడం తేలిక. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే సెక్షన్ 8(1)(జె)ని ఇంకా బిగించేసింది. శాసనసభకు నిరాకరించలేని సమాచారం పౌరుడికీ నిరాకరించకూడదన్న పాత వాక్యం అందులోంచి ఎగిరిపోయింది. నా దృష్టిలో ఇది ఈ చట్టానికి జరిగిన పెద్ద నష్టం. కానీ ప్రభుత్వ భవనానికి వేసిన టైల్స్ ఏ వ్యక్తి సమాచారమూ కాదు. పైగా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న సెక్షన్ 8(2) ఇంకా బతికే ఉంది. ఆ రెండు మాటలూ అప్పీలులో పనికొస్తాయి.

భవనం ప్లాను, సీసీ కెమెరాలు, కాపలా సిబ్బంది సంఖ్య లాంటివి అడగొద్దు. భద్రత అంటారు, అది న్యాయమే.

ఫీజు రాష్ట్ర స్థాయి ఆఫీసులకు 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించొచ్చు, పోస్టల్ ఆర్డరూ పెట్టొచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. నకళ్ళకు పేజీకి 2 రూపాయలు. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ) కోరుతూ పంపండి. ఆ రుజువు వచ్చాక ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, అప్పీలుకు అదే ఆధారం.

ఎం-బుక్ ముందు ఒక గంట

నాలుగో అంశాన్ని ఎవరూ వదిలేయొద్దు. నకళ్ళు పంపితే ఆఫీసు ఎంచుకున్న పేజీలే వస్తాయి. వెళ్ళి కూర్చుంటే పుస్తకం మొత్తం మన ముందుంటుంది. రెండోసారి సరిగ్గా రాశాక నన్ను ఒక ఆఫీసుకు రమ్మన్నారు. బీరువా పక్కన స్టూల్ వేశారు, పైన ఫ్యాను లేదు. క్లర్క్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, టీ కూడా తెప్పించింది.

ఎం-బుక్ అంటే చేసిన పనిని కొలిచి రాసే పుస్తకం. పని వివరం, సంఖ్య, పొడవు, వెడల్పు, ఎత్తు, చివర్లో పరిమాణం, కింద ఇంజినీరు సంతకం, తేదీ. బిల్లు పుట్టేది ఇక్కడే. మంత్రి గారి ఇంట్లోకి టేపు పట్టుకుని మనం వెళ్ళలేం. కానీ ఒకే నమూనాలో కట్టిన క్వార్టర్లయితే హాలు, బాత్రూమ్ కొలతలు అన్నింట్లోనూ ఒకటే ఉండాలి. ఉదాహరణకు ఒక ఇంట్లో బాత్రూమ్ గోడల టైల్స్ 30 చదరపు మీటర్లని, అలాంటిదే పక్కింట్లో 48 అని రాసి ఉంటే, ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి అడగాల్సిందే.

ఇంకోటి చూడాల్సింది తేదీలు. ఒకే ఇంటికి ఒకే వారంలో "ముందు గది రంగులు", "వెనక గది రంగులు", "మెట్ల గోడ రంగులు" అని మూడు చిన్న పనులు, మూడూ ఒకే కాంట్రాక్టరుకు నామినేషన్ మీద ఇచ్చి ఉంటే, టెండర్ పిలవకుండా ఉండేందుకు ముక్కలు చేశారేమోనని అనుమానించొచ్చు. మార్చి చివరి పది రోజుల బిల్లులు ఇంకా శ్రద్ధగా చూడండి. ఏడాది బడ్జెట్ మురిగిపోకుండా ఖర్చు చేసే హడావిడి అప్పుడే.

అయితే తొందరపడొద్దు. నేను చూసిన పుస్తకంలో ఒక ఇంటికి ఎనిమిది నెలల్లో రెండుసార్లు రంగులు వేశారు. దొరికారు అనుకున్నాను. రెండు పేజీలు తిప్పితే మధ్యలో డాబా లీకేజీ ఆపడానికి చేసిన వాటర్‌ప్రూఫింగ్ పని కనిపించింది. గోడలు చెమ్మగిల్లి రంగు పోతే మళ్ళీ వేయక ఏం చేస్తారు? మొదటిసారి వేసేముందే డాబా ఎందుకు చూసుకోలేదన్నది వేరే సంగతి, దానికి కాగితం లేదు.

మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. నాకు గంటా పావు పట్టింది.

ఇంత చిన్న బిల్లులు వెతకడం దేనికి అనుకునేవాళ్ళకు బ్రిటన్ సంగతి చెప్పాలి. అక్కడి ఎంపీల ఇళ్ళ ఖర్చు మొత్తాలు ముందు నుంచే ప్రకటించేవారు, జనం పెద్దగా పట్టించుకోలేదు. 2009లో విడివిడి బిల్లులు బయటపడ్డాయి. ఒక ఎంపీ తన చెరువులో బాతుల గూటికి 1,645 పౌండ్ల బిల్లు పెట్టాడు. నిజానికి ఆ డబ్బు ఆయనకు ఇవ్వలేదు. అయినా ఆ గూడే ఊరంతా నవ్వుకునే మాటయింది, ఆయన తర్వాతి ఎన్నికల్లో నిలబడలేదు, ఆ గొడవల్లోనే స్పీకర్ కూడా పదవి వదులుకున్నాడు.

జవాబు రాకపోతే

30 రోజులు చూడండి. రాకపోయినా, అరకొరగా వచ్చినా, ఇంకో 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. గడువు దాటి ఇచ్చే సమాచారానికి పేజీల డబ్బులు తీసుకోకూడదు, ఆ ముక్క గుర్తుచేయండి. మొదటి అప్పీలు 30 నుంచి 45 రోజుల్లో తేలాలి. అక్కడా పని జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఆఫీసు మొజంజాహి మార్కెట్ దగ్గర. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కుంది. కాకపోతే 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా అసలు కమిషనర్లే లేక అప్పీళ్ళు గుట్టలుగా పేరుకున్నాయి. కాబట్టి రెండో అప్పీలు దాకా పోనివ్వకుండా, మొదటి దరఖాస్తునే గట్టిగా రాసుకోవడం మంచిది.

దరఖాస్తు లేకుండానే దొరికేది

ఎన్నికల్లో పోటీచేసే ప్రతి అభ్యర్థీ ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. అందులో గత పదేళ్ళలో ప్రభుత్వ ఇంట్లో ఉన్నారా, ఉంటే దాని అద్దె, కరెంటు, నీళ్ళు, టెలిఫోన్ బకాయిలు లేవా అని విడిగా అడుగుతారు. బకాయి లేదన్న సర్టిఫికెట్టూ జతచేయాలి. 2023 నవంబర్ 30 నాటి అసెంబ్లీ ఎన్నికల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పేరు కొడితే వస్తాయి. ఇల్లు ఉందని కేటాయింపు ఉత్తర్వులో ఉండి, లేదని అఫిడవిట్‌లో ఉంటే అది మామూలు తేడా కాదు. ఇక్కడ మాత్రం పేరు పెట్టే వెతకాలి.

చేతికొచ్చిన కాగితాలతో

తేడా నిజమేననిపిస్తే నకళ్ళు జతచేసి సైఫాబాద్‌లోని అకౌంటెంట్ జనరల్ ఆఫీసుకు రాయండి, ఆడిట్ చేసేది వాళ్ళే. మంత్రులు, ఎమ్మెల్యేలు లోకాయుక్త పరిధిలోకి వస్తారు. మీ నియోజకవర్గ ఎమ్మెల్యేకో, ప్రతిపక్ష సభ్యుడికో ఇచ్చి అసెంబ్లీలో ప్రశ్న వేయించొచ్చు. విలేకరికి ఇస్తే ఒరిజినల్ ఇవ్వకండి. కాగితంలో లేని మాట ఒక్కటి కూడా కలపకండి, పరువు నష్టం నోటీసు వచ్చేది ఆ ఒక్క మాటకే.

మంత్రి పదవి పోయినా ఇల్లు వదలనివాళ్ళ సంగతి వేరు. ఉత్తరప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రులకు జీవితాంతం బంగళాలు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. చట్టం మార్చి మళ్ళీ ఇవ్వబోతే 2018 మే 7న దాన్నీ కొట్టేసింది. ఎవరైనా గడువు దాటి ఉంటున్నారని తెలిస్తే సాధారణ పరిపాలన శాఖను అడగాల్సినవి మూడే: కేటాయింపు రద్దు ఉత్తర్వు, ఖాళీ చేయమని ఇచ్చిన నోటీసు, వసూలు చేసిన అద్దె రసీదులు.

ఇక ఆటో డ్రైవర్ అడిగిన పాత బండలు. దానికీ కాగితం ఉంటుందట, మా కాలనీ పెద్దాయనే చెప్పారు. ప్రభుత్వ భవనంలో ఏదైనా ఊడదీస్తే ఆ పాత సామానుకు విలువ కట్టి ఎస్టిమేట్‌లో తగ్గించాలి, లేదా స్టోరుకు పంపి వేలం వేయాలి. "తొలగించిన ఫ్లోరింగ్ సామగ్రి వివరాలు, దాని విలువ, దాన్ని ఏం చేశారో తెలిపే రికార్డు నకలు" అని ఒకే ఒక్క అంశంతో కొత్త దరఖాస్తు వేశాను. అది పోస్టు చేసి ఇవాళ్టికి పదకొండు రోజులు.