పదహారేళ్ల అమ్మాయి గర్భంతో వస్తే

నేను నర్సును. ఇలాంటి అమ్మాయి గదిలో అడుగుపెట్టగానే "ఎవరు కారణం?" అని గద్దించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి. వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట ఉండమనండి. పెద్దల ఎదుట ఆమె నోరు విప్పదు. బలవంతం జరిగిందా, ఇంటికి వెళ్లాలంటే భయమా అని అప్పుడు మెల్లగా అడగండి. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న విషయంలో చట్టం ఏమంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి, మీ అభిప్రాయం మాత్రం వద్దు.

తర్వాత రక్తపోటు చూడండి. ఇరవై దాటిన తల్లులకంటే ఈ వయసువాళ్లకు గుర్రపువాతం (రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం) ముప్పు ఎక్కువ. 140/90కి చేరినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి పంపాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి కనీసం 8 సార్లు పరీక్షలు జరగాలని, మొదటిది 12 వారాలలోపే జరగాలని చెబుతోంది. దాచిపెట్టిన కడుపు అంత త్వరగా ఎక్కడ బయటపడుతుంది? కలిగినవాళ్ల పిల్లకు ఇంటి డాక్టరు ఉంటాడు. లేనివాళ్ల పిల్లకు తోడు రావాలంటే తల్లికి ఒక రోజు కూలి పోతుంది. కాబట్టి తేదీ రాసిచ్చి ఊరుకోకండి. ఎలా వస్తావు, ఎవరు తోడొస్తారు అని అడిగి, వాళ్లకు కుదిరే రోజే పెట్టండి.

ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తుందని ముందే చెప్పండి. లేకపోతే భయపడి మానేస్తారు. ఆమె ఒప్పుకుంటే, ప్రసవమయ్యాక తిరిగి చేర్చుకోవడం గురించి బడివాళ్లతో ఇప్పుడే మాట్లాడండి.