ఆయిల్ ఎక్కడ కారుతోందో పౌడర్ చెప్పేస్తుంది

పాత కారు కింద రోజూ ఆయిల్ మరక. బానెట్ ఎత్తితే ఇంజిన్ అంతా జిడ్డే, ఎక్కణ్ణుంచి కారుతోందో తేలదు. ఇంజిన్ చల్లారాక డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రావణం) కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అనుమానమున్న చోట్ల టాల్కం పౌడర్ పల్చగా చల్లి (బెల్టు మీద, ఎయిర్ ఫిల్టర్ దగ్గర పడకుండా), ఆరుబయట 10-15 నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపేయండి. టార్చి వేస్తే తెల్లటి పౌడర్ మీద తడి చార కనిపిస్తుంది. అన్నిటికంటే పైనున్న తడినే పట్టుకోండి, కిందివి చాలావరకు దాన్నుంచి జారినవే. చాలాసార్లు అది ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) కింద ఉండే ప్యాకింగే, రబ్బరు గట్టిపడి పెళుసైపోయి ఉంటుంది. కొత్తది వేసి బోల్టులు కొంచెం కొంచెంగా బిగించండి. బలం చూపిస్తే కవర్ వంగి మళ్ళీ కారుతుంది.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట అడుగున మాత్రమే కారుతుంటే ఈ పౌడర్ పనికిరాదు. వెనక ఆయిల్ సీల్ పోయి ఉండొచ్చు, గేర్‌బాక్స్ దించాలి, అది మెకానిక్ పని.