పాలు కక్కే బిడ్డ మెడ వంకర తిప్పుతుంటే

పసిబిడ్డ పాలు కక్కడం వింతేమీ కాదు. అన్నవాహిక అడుగునున్న కండరానికి ఇంకా పట్టు రాదు, తాగినవి పైకొస్తాయి. నాలుగో నెల ప్రాంతంలో ఇది జోరుగా ఉండి, ఏడాది, ఏడాదిన్నర కల్లా చాలామందిలో సర్దుకుంటుంది. బరువు పెరుగుతూ హుషారుగా ఉన్న బిడ్డకు మందెందుకు?

అయితే కొందరిలో పాలతో పాటు పైకొచ్చే కడుపులోని పులుపు వల్ల పుట్టే మంట మెడ దగ్గర బయటపడుతుంది. పాలు తాగుతూనో, తాగిన కాసేపటికో బిడ్డ తల ఓ పక్కకు తిప్పేసి, వీపు విల్లులా వెనక్కి వంచి, ఒళ్లు బిగబట్టేస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో వదిలేస్తుంది. నాయనమ్మ దిష్టి అంటుంది, పక్కింటావిడ ఫిట్స్ అంటుంది. 1964లో వైద్యపత్రికకెక్కిన ఈ తీరును శాండిఫర్ సిండ్రోమ్ అంటారు. పాలతో ముడిపడి రావడం, నిద్రలో దాదాపు రాకపోవడం దీని ఆనవాళ్లు. నిద్ర లేవగానే తల, చేతులు వరసగా ఉలిక్కిపడ్డట్టు కొట్టుకుంటుంటే మాత్రం అది వేరే జబ్బు కావచ్చు, ఆలస్యం పనికిరాదు. ఏదైనా సరే ఇంట్లో తేల్చకండి. ఫోన్లో వీడియో తీసి, ఎప్పుడు పాలు పట్టారో రాసుకుని పిల్లల డాక్టరుకు చూపించండి. మాటల్లో చెప్పేదానికన్నా ఆ వీడియోతోనే సగం పని తేలుతుంది.

గొంతు బొంగురుపోవడం, తగ్గని దగ్గు, మళ్లీ మళ్లీ నిమ్ము, పాలు చూస్తేనే ఏడుపు, బరువు పెరగకపోవడం కూడా చెప్పాల్సినవే. కాస్త పెద్ద పిల్లల్లో పళ్లు లోపలి వైపు అరిగిపోతాయి.

ఆకుపచ్చ పసరు కక్కితే పేగు మెలిపడి ఉండొచ్చు, గంట కూడా ఆగొద్దు. నెత్తురు పడినా, ఊపిరి ఆగి నీలంగా మారినా అంతే. నెల బిడ్డ ప్రతి పాలకూ దూరంగా చిమ్మినట్టు కక్కి, వెంటనే ఆకలికి ఏడుస్తుంటే అదే రోజు చూపించండి.

పాలయ్యాక త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, ఇరవై నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. పడుకోబెట్టేది వెల్లకిలానే, దిండు లేకుండా. కక్కుతుందని బోర్లా పడుకోబెట్టడం ప్రమాదం. పాలు తాగిన వెంటనే కాళ్ల మీద వేసుకుని స్నానం చేయించొద్దు, ముక్కులో నూనె చుక్కలు అసలే వేయొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నకో అక్కకో రాసిన, యాసిడ్ తగ్గించే సిరప్ మిగిలి ఉంటే దాని జోలికి పోకండి.