పోత ఇనుప టీ పాత్రలు: లోపలి పొరను బట్టే ఎంపిక, సంరక్షణ

పోత ఇనుముతో చేసిన టీ పాత్ర కొనదలచినవారు మొట్టమొదట చేయవలసిన పని మూత తీసి లోపలికి చూడడం. బయట ఎంత చక్కని నగిషీ ఉన్నా, ఏ రంగు పూసినా, ఆ పాత్రను పొయ్యి మీద పెట్టవచ్చా, అందులో తేయాకు వేయవచ్చా, తుప్పు పడితే ఏం చేయాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు లోపలి గోడ మీదే ఉంటుంది. దుకాణంలో పక్కపక్కన ఒకే ఆకారంలో కనిపించే రెండు పాత్రలు వాడకంలో పూర్తిగా వేరు కావచ్చు. ఒకదానికి చెప్పిన జాగ్రత్తలు రెండోదానికి పాటిస్తే అది త్వరగా పాడవుతుంది. ఈ పాత్రల గురించి వినిపించే పరస్పర విరుద్ధమైన సలహాల్లో చాలావరకు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

జపాన్‌లో తెత్సుబిన్ అని పిలిచేది నీళ్ళు కాచుకునే కెటిల్. దాని లోపల ఏ పూతా ఉండదు. నీళ్ళు నేరుగా ఇనుమును తాకుతాయి, కెటిల్‌ను నేరుగా సెగ మీద పెడతారు, తేయాకును మాత్రం అందులో వేయరు. రెండోది క్యూసు, అంటే టీ దింపుకునే కుండ. పోత ఇనుముతో చేసిన క్యూసుకు లోపల ఎనామెల్ పూత, అంటే ఇనుము మీద కరిగించి అతికించిన గాజు పొర ఉంటుంది. ఇందులో తేయాకు వేసి, వేరేచోట కాచిన నీళ్ళు పోస్తారు. దీన్ని పొయ్యి ఎక్కించకూడదు. ఎక్కిస్తే ఇనుము, గాజు వేర్వేరు మోతాదుల్లో వ్యాకోచించి ఎనామెల్ బీటలు వారుతుంది, తరువాత పెచ్చులుగా ఊడిపోతుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. సెల్‌ఫోన్ టార్చి వెలుతురును లోపలికి వేస్తే, ఎనామెల్ ఉన్న పాత్రలో ఆ వెలుగు గాజు మీద పడినట్టు తళుక్కున మెరుస్తుంది, అడుగు నున్నగా నల్లగా కనిపిస్తుంది. పూత లేని కెటిల్ లోపల వెలుగు చెదిరిపోతుంది, గోడలు బూడిద రంగులో కాస్త గరుకుగా ఉంటాయి. కొమ్ము మొదట్లో తేయాకును ఆపే చిన్న రంధ్రాలో, నోటి దగ్గర అమరే స్టీలు జాలీయో ఉంటే అది టీ దింపే కుండ అనే అనుకోవచ్చు. లోపల పెయింటు వంటి మెరుపు లేని పూత ఉండి, అది ఏమిటో అమ్మేవారు చెప్పలేకపోతే ఆ పాత్రను వదిలేయడమే మేలని నా అభిప్రాయం. ఎనామెల్ పాత్ర కొనేటప్పుడు కూడా అందులో సీసం, కాడ్మియం లేవని, ఆహార పదార్థాలకు తగినదని తయారీదారు రాసి ఇచ్చారో లేదో చూడాలి.

ఈ పాత్రలకు పేరుమోసిన ప్రాంతం జపాన్ ఈశాన్య భాగంలోని ఇవాతే. అక్కడి మోరియోకా, ఓషూ పట్టణాల్లో తయారయ్యే ఇనుప సామగ్రిని నంబు తెక్కి అంటారు. దీన్ని జపాన్ ప్రభుత్వం 1975లో సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. అక్కడి కెటిళ్ళ తయారీలో మనం తెలుసుకోవలసిన దశ ఒకటుంది. పోత పోసిన కెటిల్‌ను బొగ్గుల కొలిమిలో 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎర్రగా కాలుస్తారు. అప్పుడు ఇనుము ఉపరితలం మీద మాగ్నటైట్ అనే నల్లని ఆక్సైడ్ పలుచగా ఏర్పడి తుప్పును చాలావరకు అడ్డుకుంటుంది. లోపల మనకు కనిపించే బూడిద రంగు ఈ పొరదే. గీకినా, స్టీలు పీచుతో తోమినా, పులుపు తగిలినా పోయేది ఇదే కనుక కెటిల్ సంరక్షణ అంటే ముఖ్యంగా ఈ పొరను కాపాడుకోవడమే.

ఈ రెండింటిలో ఏది కొనాలన్నది అలవాటును బట్టి ఉంటుంది. రోజూ నీళ్ళు కాచుకుని టీతో పాటు మంచినీళ్ళుగానూ తాగేవారికి, వాడిన ప్రతిసారీ రెండు నిమిషాలు దాని కోసం కేటాయించగలవారికి పూత లేని కెటిల్ సరిపోతుంది. ఎలక్ట్రిక్ కెటిల్ ఇంట్లో ఉండి, టీ కాసేపు వేడిగా ఉంటే చాలనుకునేవారికి ఎనామెల్ కుండ చాలు. పాలు, చక్కెర వేసి మరిగించే టీకి ఈ రెండూ పనికిరావు. పాలు ఇనుముకు అంటుకుని మాడితే ఆ వాసన వదలడం కష్టం, దాన్ని వదిలించడానికి చేసే తోముడుతో పొర కూడా పోతుంది.

కొనేటప్పుడు బరువును తప్పక పరీక్షించాలి. లీటరు పైన పట్టే కెటిళ్ళు చాలావరకు ఖాళీగానే ఒకటిన్నర కిలోలు దాటుతాయి. వాటిలో లీటరు నీళ్ళు పోస్తే రెండున్నర కిలోలకు పైబడిన మరుగుతున్న బరువును ఒంటిచేత్తో వంచవలసి వస్తుంది. అందుకే ఖాళీ పాత్రను ఎత్తి చూసి తేలిగ్గానే ఉందని సంబరపడకూడదు, వీలుంటే నీళ్ళు పోసి వంచి చూడాలి. వంచినప్పుడు మూత ఎక్కడ జారుతుందో, నీటి ధార సన్నగా తెగకుండా పడుతుందో, చివరి చుక్క కొమ్ము కిందికి కారుతుందో అప్పుడే తెలుస్తుంది. పిడి లోపల బోలుగా ఉంటే అంత త్వరగా వేడెక్కదు, గట్టి కడ్డీ అయితే ప్రతిసారీ గుడ్డ పట్టుకోవలసిందే. ఇండక్షన్ స్టవ్ మీద వాడాలంటే అడుగు చదునుగా ఉండాలి, స్టవ్ గుర్తించేంత వెడల్పు కూడా ఉండాలి. బొడిపెలు, పూలు, తూనీగలు ఎవరి ఇష్టం వారిది. నగిషీ ఎక్కువైన కొద్దీ సందుల్లో తడి నిలుస్తుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

పాతది కొంటున్నట్టయితే తుప్పు కంటే పగులు గురించి ఎక్కువ పట్టించుకోవాలి. పోత ఇనుములో కార్బన్ రెండు శాతానికి మించి ఉంటుంది, అందువల్ల అది గట్టిదే కాని పెళుసు. కింద పడితే సొట్ట పోదు, పగులుతుంది. వేలి కణుపుతో తట్టినప్పుడు ఖంగుమని మోగకుండా చప్పబడిన శబ్దం వస్తే అనుమానించాలి. నీళ్ళు నింపి పొడి కాగితం మీద కొన్ని గంటలు ఉంచితే సన్నని పగులు ఉన్నచోట తడి మచ్చ పడుతుంది. లోపల ఎర్రని పొడి మాత్రమే ఉంటే బాగుచేసుకోవచ్చు. తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటే ఆ పాత్రను అలంకారానికి ఉంచుకోవడం మంచిది.

కొత్త కెటిల్‌ను లోపల చేయి పెట్టకుండా నీళ్ళతో తొలిచి, నీళ్ళు నింపి, సన్నని సెగ మీద మరిగించి పారబోయాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు ఇలా చేయాలి. ఆ తరువాతి రోజువారీ వాడకంలో కొన్ని నియమాలు ఎప్పటికీ మారవు. నీళ్ళు పాత్రలో పదింట ఎనిమిది పాళ్ళకు మించకూడదు, లేకపోతే మరిగేటప్పుడు కొమ్ములోంచి పొంగి బయటి పూత మీద మరకలు కడతాయి. మంట అడుగు దాటి పక్కలకు ఎగబాకకూడదు. ఇండక్షన్ అయితే తక్కువ శక్తితో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. కాలిన కెటిల్‌లో చన్నీళ్ళు పోయడం, ఖాళీ కెటిల్‌ను పొయ్యి మీద మరచిపోవడం అనే రెండింటి వల్లే ఎక్కువగా పగుళ్ళు వస్తాయి.

వాడకం అయిన తరువాతి రెండు నిమిషాల మీదే కెటిల్ ఆయువు ఆధారపడి ఉంది. మిగిలిన నీళ్ళను వేడిగా ఉండగానే పూర్తిగా వంపేయాలి, మూత తీసి పక్కన పెట్టాలి. అప్పుడు లోపలికి చూస్తే, ఇనుములో దాగిన వేడికి తడి గోడల మీద నుంచి కిందికి కుదించుకుపోతూ అడుగున చిన్న మడుగుగా మిగిలి, చివరికి అదీ ఆరిపోవడం కనిపిస్తుంది. కొమ్ము మొదలులో మాత్రం ఒకటి రెండు చుక్కలు మొండిగా నిలిచిపోతాయి, తుప్పు తరచుగా మొదలయ్యేది అక్కడే. కొమ్మును కిందికి వంచి విదిలించి, అవసరమైతే అతి సన్నని మంట మీద నిమిషం లోపు ఉంచి దింపేయాలి. గుడ్డతో లోపల తుడవకూడదు. బయట మాత్రం వెచ్చగా ఉండగానే పొడి గుడ్డతో తుడవవచ్చు, అప్పుడప్పుడు టీ డికాక్షన్‌లో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో అద్దితే నలుపు నిగారిస్తుంది. సబ్బు, పీచు, డిష్‌వాషర్, మైక్రోవేవ్ అన్నవి ఈ పాత్ర దరిదాపులకు రాకూడదు.

ఇంత చేసినా కొన్నాళ్ళకు లోపల ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. వాటిని చూసి కంగారుపడి గీకడమే పెద్ద పొరపాటు. కాచిన నీళ్ళు తేటగా, వాసన లేకుండా ఉన్నంతవరకు ఆ చుక్కల వల్ల హాని లేదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం కాలక్రమంలో వాటి మీద తెల్లని పలుచటి పొరగా పేరుకుంటాయి, ఆ పొర ఇనుముకు రక్షణే. నీళ్ళు ఎర్రబడినప్పుడు మాత్రం వైద్యం అవసరం. రెండు మూడు చెంచాల గ్రీన్ టీ ఆకును, వాడేసిన ఆకైనా సరే, పలుచని గుడ్డలో మూటకట్టి, నీళ్ళతో పాటు కెటిల్‌లో వేసి అరగంట సన్నని సెగ మీద మరగనివ్వాలి. ఆకులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నల్లని సమ్మేళనంగా మారి తుప్పు చోటును కప్పుతాయి. నీళ్ళు సిరాలా నల్లబడితే చర్య జరుగుతున్నట్టే, పూర్వం సిరా తయారీలో వాడినదీ ఇదే చర్య. కెటిల్‌ను అలాగే చల్లారనిచ్చి, పారబోసి, మంచినీళ్ళు మరిగించి చూడాలి. నీళ్ళు ఇంకా ఎర్రగా ఉంటే ఇదంతా మళ్ళీ చేయాలి.

కఠిన జలం వాడే ఇళ్ళలో ఆ తెల్లని పొర మరీ మందమై సున్నపు గారగా మారి పెళ్ళలుగా రాలవచ్చు. దాన్ని కరిగించడానికి నిమ్మ ఉప్పు, వెనిగర్ వాడాలనిపిస్తుంది, కాని పూత లేని కెటిల్‌లో ఆ పులుపు గారతో పాటు అడుగునున్న నల్లని ఆక్సైడ్ పొరను కూడా తినేస్తుంది. రాలుతున్న పెళ్ళలను నీళ్ళతో తొలిచేసి, ఇకమీదట కాల్షియం, మెగ్నీషియం తక్కువగా ఉండే నీళ్ళు వాడడమే దీనికి దారి.

ఎనామెల్ కుండ సంరక్షణ ఇంతకంటే సులువు. టీ అయ్యాక ఆకు తీసేసి, గోరువెచ్చని నీళ్ళతో మెత్తని స్పాంజితో కడిగి, మూత తీసి ఆరబెట్టాలి. ఎనామెల్‌కు తుప్పు పట్టదు కాని నోటి అంచు, మూత అడుగు భాగం, జాలీ ఆనే గాడి వంటి చోట్ల చాలా కుండల్లో ఎనామెల్ ఉండదు, వట్టి రంగే ఉంటుంది. కాబట్టి అక్కడ పొడి గుడ్డతో అద్దాలి. టీని రాత్రంతా అందులో వదిలేయకూడదు. ఎనామెల్ పెచ్చు లేచి లోపలి ఇనుము కనిపిస్తే, రాలే గాజు ముక్కలు టీలోకి వస్తాయి కనుక ఆ కుండను ఇక వాడకపోవడమే క్షేమం. కింద కొవ్వొత్తి పెట్టే ఇనుప పీట ఉంటే అది టీని వెచ్చగా ఉంచడానికే పనికొస్తుంది, ఖాళీ కుండను దాని మీద ఉంచితే అడుగున ఎనామెల్ చిట్లుతుంది.

ఇనుము వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుందన్నది నిజమే, అయితే ముందు ఆ వేడిని టీ దగ్గరే తీసుకుంటుంది. 1.2 కిలోల బరువుండి 25 డిగ్రీల వద్ద ఉన్న కుండలో 90 డిగ్రీల నీళ్ళు 600 మిల్లీలీటర్లు పోస్తే, లెక్క ప్రకారం రెండూ కలిసి సుమారు 78 డిగ్రీల దగ్గర నిలుస్తాయి. ముందే వేడినీళ్ళు పోసి కుండను 70 డిగ్రీలకు తెస్తే, అవే నీళ్ళు 86 డిగ్రీల దగ్గర ఉంటాయి. బ్లాక్ టీకి ఈ తేడా రుచిలో స్పష్టంగా తెలుస్తుంది, అందుకే వేడినీళ్ళతో తొలిచి పారబోశాకే ఆకు వేయాలి. లేత గ్రీన్ టీకి మాత్రం నేను ఇనుప కుండను ఎంచుకోను. వేడి తగ్గక ఆకు ఉడికి చేదెక్కుతుంది. వాడక తప్పకపోతే దిగిన టీనంతా ఒకేసారి కప్పుల్లోకి వంపేయాలి.

ఇనుప పాత్రలు రక్తహీనతను పోగొడతాయన్న ప్రచారాన్ని నమ్మి ఇవి కొనవద్దు. పూత లేని కెటిల్ నుంచి నీటిలోకి కొంత ఇనుము దిగుతుంది, ఎనామెల్ కుండ నుంచి దిగదు. పైగా టీలోని టానిన్లు శరీరం ఇనుమును గ్రహించడాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో ఇనుము అధికంగా నిల్వయ్యే హీమోక్రొమటోసిస్ ఉన్నవారు పూత లేని కెటిల్ వాడేముందు వైద్యుణ్ణి అడగాలి.

చాలా రోజులు వాడకుండా ఉంచవలసి వస్తే కెటిల్‌ను బాగా ఆరబెట్టి, మూత విడిగా ఉంచి, లోపల పొడి కాగితాన్ని ఉండలా చుట్టి పెట్టి, పొడిచోట ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం కట్టకూడదు, లోపలి చెమ్మ బయటికి పోదు. తిరిగి తీసినప్పుడు కొత్తదానికి చేసినట్టే రెండు మూడు సార్లు నీళ్ళు మరిగించి పారబోశాకే తాగడానికి వాడాలి.