జర్మనీలో నలుగురిని కూడగట్టుకోవడం ఎలా: ఎర్లాంగెన్ నుంచి ఒక అక్క మాట

ఉద్యోగానికో చదువుకో జర్మనీ వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, ఇక్కడ మనవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?" దొరకడానికేం, దొరుకుతారు. దిగిన వారంలోనే నాలుగైదు వాట్సాప్ గ్రూపుల్లో చేరిపోతారు. కంది పప్పు ఎక్కడ దొరుకుతుందో, ఎవరి గది ఖాళీ అవుతుందో అన్నీ తెలుస్తాయి. కానీ జనవరిలో నూటమూడు జ్వరంతో పడుకున్న రోజు గంట కొట్టి లోపలికొచ్చి చారన్నం పెట్టే మనిషి ఆ గ్రూపులోంచి రావాలంటే, అంతకుముందే ఆ మనిషితో పది సార్లు కూర్చుని మాట్లాడి ఉండాలి. ఆ పది సార్లు ఎలా కూర్చోవాలి అన్నదే నేను చెప్పదలుచుకున్నది.

నేను ఉండేది ఎర్లాంగెన్‌లో. న్యూరెంబర్గ్ పక్కన, లక్ష దాటిన జనాభాతో ఉండే ఊరు. సీమెన్స్ వల్ల, యూనివర్సిటీ వల్ల మన పిల్లలు ఏటా వస్తూనే ఉంటారు. పుట్టి పెరిగింది హన్మకొండ. ఈ మాటలు మా బవేరియా రాష్ట్రం అనుభవంతో రాస్తున్నవే అయినా జర్మనీలో ఏ ఊరికైనా చాలావరకు సరిపోతాయి.

ముందు మెట్ల మీది మనుషులు

తెలుగువాళ్ళ కోసం వెతికే ముందు మీ బిల్డింగ్‌లో ఉన్నవాళ్ళను పలకరించండి. మన దగ్గర కొత్తగా ఎవరైనా దిగితే పక్కింటివాళ్ళే వచ్చి "నీళ్ళొస్తున్నాయా, పాలు కావాలా" అని అడుగుతారు. ఇక్కడ ఆనవాయితీ వేరు. కొత్తగా వచ్చినవాళ్ళే వెళ్ళి పరిచయం చేసుకోవాలి. ఎవరూ పలకరించలేదని నెలల తరబడి బాధపడేవాళ్ళను చూస్తుంటాను. అవతలివాళ్ళు మీరు వస్తారని చూస్తుంటారు. దిగిన మొదటి వారంలోనే, శనివారం పగటిపూట, ప్రతి తలుపు గంటా కొట్టి పేరు చెప్పండి, ఏ అంతస్తో చెప్పండి, నవ్వి వచ్చేయండి. రెండు నిమిషాల పని. వచ్చీరాని జర్మన్ చాలు.

ఆ తర్వాతి పని పార్సెళ్ళు చేసిపెడతాయి. ఇంట్లో ఎవరూ లేకపోతే డెలివరీ అబ్బాయి పక్కింట్లో ఇచ్చి చీటీ పెట్టి పోతాడు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళయితే ఇతరుల పార్సెళ్ళు సంతోషంగా తీసుకోండి. మా పై అంతస్తు పెద్దావిడతో నా స్నేహం అలాగే మొదలైంది. ఇప్పుడు మేం ఊరెళితే మా మొక్కలకు నీళ్ళు పోసేది ఆవిడే.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలన్నది ఇక్కడ గట్టి నియమం. మిక్సీ, డ్రిల్లింగ్ లాంటివి అందులోకి వస్తాయి. ఇంట్లో పుట్టినరోజో వ్రతమో ఉంటే రెండు మూడు రోజుల ముందు మెట్ల దగ్గర చిన్న కాగితం అంటించండి: ఫలానా రోజు చుట్టాలు వస్తున్నారు, కొంచెం చప్పుడు ఉండొచ్చు, ఇబ్బందైతే ఈ నంబరుకు చెప్పండి అని. కింద పేరు రాయండి. ఆ ఒక్క కాగితం వల్ల తగ్గే టెన్షన్ అంతా ఇంతా కాదు.

వారం వారం కనబడే చోటు

స్నేహం కుదరాలంటే ఒకే మొహాన్ని మళ్ళీ మళ్ళీ చూడాలి. ఒకసారి వెళ్ళొచ్చే పెద్ద ఈవెంట్లకంటే వారం వారం జరిగే చిన్న క్లాసు మేలనేది అందుకే. ఫోల్క్స్‌హోఖ్‌షూలె అని చాలా ఊళ్ళలో, ఎక్కువగా నగరమే నడిపే వయోజన విద్యాకేంద్రం ఉంటుంది. భాష దగ్గర్నుంచి కుట్టుపని, వంట, యోగా దాకా తక్కువ ఫీజుకు నేర్పుతారు. జీవిత భాగస్వామి వీసా మీద వచ్చి ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు నేను మొదట చెప్పేది ఇంటిగ్రేషన్ కోర్సు గురించే. 600 పీరియడ్లు భాషకు, 100 పీరియడ్లు ఈ దేశం చట్టాలు, చరిత్ర, పద్ధతులకు. అన్నాళ్ళు ఒకే గదిలో సిరియా, ఉక్రెయిన్, బ్రెజిల్ వాళ్ళతో కలిసి కూర్చుంటే భాషతో పాటు మనుషులూ దక్కుతారు.

ఆటల క్లబ్బులు ఇంకా సులువు. బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, ఈత, ఏదైనా సరే, పేటలోని స్పోర్ట్స్ క్లబ్బులో ఏడాది సభ్యత్వం జిమ్ ఫీజుకంటే బాగా తక్కువ. ఆట అయ్యాక కాసేపు కూర్చుంటారు, లేచి వచ్చేయకండి. అసలు పరిచయం అప్పుడే. పిల్లలుంటే కిండర్‌గార్టెన్‌లో తల్లిదండ్రుల సాయంత్రం సమావేశాలకు తప్పకుండా వెళ్ళండి. నవంబర్ 11న సెయింట్ మార్టిన్ పండగకు పిల్లలు లాంతర్లు పట్టుకుని ఊరేగుతారు. అవి తయారుచేసే రోజున సాయం చేస్తామని పేరు రాయించుకుంటే తల్లులందరూ మీ పేరు గుర్తుపెట్టుకుంటారు.

మా ఊరి వాళ్ళకైతే బెర్గ్‌కిర్ష్‌వై ఉంది. 1755 నుంచీ జరుగుతున్న జాతర, ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండగ రోజుల్లో కొండ మీద చెట్ల కింద పొడుగాటి బల్లలు వేస్తారు. ఖాళీ జాగా కనబడితే "ఇక్కడ కూర్చోవచ్చా" అని అడిగి ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు. బీరు తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

మన మనుషుల కూటమి

ఇప్పుడు తెలుగువాళ్ళ సంగతి. నా సలహా ఒక్కటే: నెలకు ఒక రోజు, ఒకే చోటు, ఒకే సమయం ఖాయం చేయండి. ఉదాహరణకు ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం నాలుగింటికి. ఎండాకాలం పార్కు, చలికాలం పేటలోని కమ్యూనిటీ సెంటర్ గది. ఇద్దరే వచ్చినా ఆపకండి. ఎవరికి వీలైతే ఆ రోజు పెడదామని గ్రూపులో ఓటింగ్ పెట్టారంటే ఆ కూటమి మూడో నెలకే ఆగిపోతుంది. తేదీ మారదని నమ్మకం కుదిరితే జనం తమ పనులే సర్దుకుని వస్తారు.

తిండి పెద్దగా పెట్టుకోవద్దు. తలా ఒక గిన్నె. బిర్యానీలు, కేటరింగులు మొదలైతే ఖర్చు వస్తుంది, ఖర్చుతో పాటు లెక్కలు, లెక్కలతో పాటు అలకలు. పులిహోర మంచిది, ఐదారు గంటలు బయట ఉన్నా పాడవదు. పల్లీలు మాత్రం కలపకుండా వేరే గిన్నెలో పట్టుకెళ్ళండి, అవి పడని పిల్లలు ఇక్కడి స్నేహితుల్లో ఉంటారు. ప్రతి గిన్నె ముందూ అందులో ఏముందో జర్మన్‌లో చీటీ పెడితే పొరుగువాళ్ళు కూడా భయం లేకుండా తింటారు.

కొత్తగా వచ్చినవాళ్ళను కనిపెట్టుకుని ఉండే పని ఒకరికి అప్పగించండి. పాతవాళ్ళంతా గుంపుగా నవ్వుకుంటుంటే కొత్తపిల్ల గోడవార ఫోను చూసుకుంటూ నిలబడితే వచ్చే నెల ఆ పిల్ల రాదు. చదువుకునే పిల్లలను, కుటుంబాలను విడదీయకండి. స్టూడెంట్లకు చందా వద్దు, వాళ్ళు కుర్చీలు సర్దుతారు, పిల్లలను ఆడిస్తారు, అది చాలు.

ఇంకో మాట గట్టిగానే చెబుతాను. "మీ ఇంటిపేరేంటి, మీది ఏ ఊరు, ఆ ఊళ్ళో ఎవరి తాలూకు" అని వరసపెట్టి అడిగి కులం దగ్గరికి వెళ్ళే ప్రశ్నలను మొదటి రోజే ఆపండి. ఆంధ్రా, తెలంగాణ అని రెండు సంఘాలు, వాటిలో మళ్ళీ కులానికో గ్రూపు అయిన ఊళ్ళున్నాయి. అలాంటి చోట ఆపదలో ఉన్న మనిషికి సాయం ఎవరు చేయాలన్నది కూడా లెక్కే అవుతుంది. ఇంత దూరం వచ్చి మనం దాన్ని మోసుకు తిరగాల్సిన పని లేదు.

బతుకమ్మ పేర్చాలంటే

పండగలన్నిటిలో మనుషులను బాగా కలిపేది బతుకమ్మే అని నా నమ్మకం, ఎందుకంటే దానికి చూసేవాళ్ళు అక్కర్లేదు, ఆడేవాళ్ళే కావాలి. స్టేజీ, మైకు, ముఖ్య అతిథి ఏదీ వద్దు. చప్పట్లు కొట్టడం వస్తే వరసలో కలిసిపోవచ్చు.

తొమ్మిది రోజులూ ఇక్కడ కుదరదు. సద్దుల బతుకమ్మకు దగ్గరి శనివారం పెట్టుకుంటాం. తంగేడు పువ్వు దొరకదు కదా అని దిగులు పడేవాళ్ళకు చెబుతున్నా: ఆ రోజుల్లో రైలు పట్టాల వార, కాలవ గట్ల మీద పసుపు పచ్చగా గోల్డ్‌రూటె అనే మొక్క ఇంకా పూసి ఉంటుంది. ఇక్కడ అది కలుపు కింద లెక్క. కొమ్మలుగా కోసి తంగేడు జాగాలో పేర్చండి. పట్టాల దగ్గరికి మాత్రం వెళ్ళకండి, పొలం గట్ల మీదే బోలెడంత దొరుకుతుంది. గునుగు పువ్వుకు బదులు వెతకాల్సిన పనే లేదు, దాని చుట్టాలే సెలోసియా పేరుతో తోట దుకాణాల్లో కుండీల్లో అమ్ముతారు. ఎరుపు, గులాబీ, పసుపు రంగుల్లో ఉంటాయి, రంగులద్దే పని కూడా తప్పుతుంది.

మిగతా పూలకు ఊరి చివర పూల పొలాలున్నాయి. "మీరే కోసుకోండి" అని బోర్డు, గొలుసుకు కట్టిన చాకు, డబ్బులు వేసే ఇనుప డబ్బా ఉంటాయి, మనిషి ఉండడు. డాలియాలు, పొద్దుతిరుగుడు పూలు మంచు కురిసేదాకా దొరుకుతాయి. కోసిన పూలు లెక్కపెట్టి డబ్బులు పూర్తిగా వేయండి. మన పిల్లలు అది చూసి నేర్చుకుంటారు, ఆ రైతుకూ మన మీద నమ్మకం ఉంటుంది.

అడుగున పరచడానికి గుమ్మడాకు కావాలి. ఇళ్ళ తోటలున్న పొరుగువాళ్ళను అడగండి, అక్టోబరులో గుమ్మడి తీగ లేని తోట ఉండదు. "ఆకులా? ఎందుకు?" అని అడుగుతారు. చెప్పండి, చెప్పి రమ్మని పిలవండి. మా పై అంతస్తు పెద్దావిడ ఆకులిస్తూనే మొదటిసారి వచ్చింది, పెద్ద స్టీలు తాంబాళంలో ఆకు మీద ఆకు వేసి, కాడలు లోపలికి పెట్టి, ఒక వరస పసుపు, ఒక వరస ఎరుపు పేర్చడం చూసి తనూ కూర్చుంది. పైన పసుపు గౌరమ్మను పెట్టేదాకా లేవలేదు.

నదిలో చెరువులో ఇష్టమొచ్చినట్టు వదలకండి, అనుమతి కావాలి. పెద్ద టబ్బులో నీళ్ళు పోసి అందులో సాగనంపుతాం. తర్వాత పూలు తోటలో ఎరువు కుప్పకు పోతాయి.

హాలు తీసుకుంటే రెండు సంగతులు ముందే అడగండి. ఒకటి, దీపం, హారతి వెలిగించవచ్చా అని. చాలా హాళ్ళలో పైకప్పుకు పొగను పసిగట్టే యంత్రాలుంటాయి. కర్పూరం వెలిగిస్తే అలారం మోగుతుంది, ఫైరింజను వస్తే బిల్లు మీ మీదే పడొచ్చు. హారతి బయట ఇచ్చుకుంటే ఏ గొడవా లేదు. రెండోది పాటలు. అందరికీ తెరిచి ఉన్న కార్యక్రమంలో సినిమా పాటలు స్పీకర్లో వేయాలంటే గేమా అనే హక్కుల సంస్థకు ముందే తెలిపి రుసుము కట్టాలి. అమ్మమ్మల నాటి ఉయ్యాల పాటలు మనమే నోటితో పాడుకుంటే ఆ పేచీ రాదు, పైగా అందరికీ పాట వస్తుంది.

రిజిస్టరు ఎప్పుడు చేయించాలి

తొందరపడకండి. ఏడాదిపాటు నెల నెలా కలవగలిగితేనే సంఘం పెట్టండి. ఇక్కడ సంఘాన్ని ఫెరైన్ అంటారు. రిజిస్టరు కావడానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. నియమావళి రాసి సంతకాలు పెట్టాలి, స్థాపన సమావేశం మినిట్స్ రాయాలి, కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి, నోటరీ దగ్గర సంతకాలు ధ్రువపరచుకుని స్థానిక కోర్టుకు దరఖాస్తు ఇవ్వాలి. పన్ను మినహాయింపు, విరాళాలకు రసీదు కావాలంటే పన్నుల ఆఫీసు ప్రజాహిత సంస్థగా గుర్తించాలి. నియమావళి చిత్తు ప్రతి అయ్యాక సంతకాలకు ముందే ఆ ఆఫీసుకు పంపి అభిప్రాయం అడగండి. తర్వాత మార్చాలంటే మళ్ళీ సమావేశం, మళ్ళీ నోటరీ.

రిజిస్టరయితే సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా వస్తుంది, నగరం హాళ్ళు అడగడం సులువవుతుంది. సెప్టెంబరు చివర దేశమంతా జరిగే అంతర్ సంస్కృతుల వారోత్సవంలో మీ పేరుతో బల్ల వేసుకోవచ్చు. అక్కడ ముగ్గు వేయండి, పిల్లలు ఆగుతారు, వాళ్ళ వెనకే పెద్దలూ ఆగుతారు.

ఆపద రోజు కోసం

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. ప్రతి కూటమికీ ఒక కాగితం ఉండాలి: రాత్రిపూట కారు తీయగలిగేవాళ్ళు ఎవరు, జర్మన్ బాగా వచ్చి ఆసుపత్రికి తోడు రాగలిగేవాళ్ళు ఎవరు, పిల్లలను ఒక రాత్రి చూసుకోగలిగేవాళ్ళు ఎవరు. ప్రాణాపాయమైతే 112, డాక్టర్లు లేని వేళల్లో మామూలు జబ్బుకు 116117. బవేరియాలో ఉన్నవాళ్ళకు పాస్‌పోర్టు పోయినా, ఎవరైనా చనిపోయినా మ్యూనిక్‌లోని భారత కాన్సులేట్. ఈ నంబర్లు కొత్తవాళ్ళందరికీ మొదటి రోజే ఇవ్వండి.

బాలింతల కోసం ప్రత్యేకంగా వంతులు వేసుకోండి. ఇక్కడి బీమాలో మంత్రసాని ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూసి వెళుతుంది, ఆ ఏర్పాటు చాలా మంచిది. కానీ వంట ఎవరు చేస్తారు? అమ్మకు వీసా రాని పిల్లలుంటారు. మొదటి నెల రోజుకొక ఇంటి నుంచి మిరియాల చారు, పొడి కూర, మెత్తటి అన్నం వెళ్ళేలా పట్టిక రాసుకోండి. గిన్నె గుమ్మంలో ఇచ్చి వచ్చేయాలి, కూర్చుని ముచ్చట్లు పెట్టకూడదు, ఆ పిల్ల పడుకోవాలి.

ఈ ఊళ్ళో మనుషులు నిలవరు. ఉద్యోగం మారి కొందరు మ్యూనిక్‌కో బెర్లిన్‌కో పోతారు, చదువు అయినవాళ్ళు వెళ్ళిపోతారు. అందుకని ఏ పనీ ఒక్కరి చేతిలోనే రెండేళ్ళకు మించి ఉంచకండి. హాలు తాళం ఎవరి దగ్గర అడగాలి, డిపాజిట్ ఎంత, బల్లలు ఎన్ని, పూల పొలం ఎక్కడ, ఆపద కాగితం ఏది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. వెళ్ళేవాళ్ళు వెళ్ళే ముందు నెల మొదటి శనివారం నాడు ఆ నోటుబుక్కును, పులిహోర కలిపే పెద్ద గంజును తర్వాతివాళ్ళకు అప్పజెప్పాలి.