గదిలోనే కసరత్తు – 3వ పాఠం: తొండ తీసే పుషప్, మనం తీయాల్సిన పుషప్

పోయిన పాఠంలో గోడకు చేతులు ఆనించి వరసగా ఇరవై పుషప్‌లు తీసేదాకా సాధన చేయమన్నాం. అక్కడిదాకా వచ్చినవాళ్లే ఈ పాఠం మొదలుపెట్టండి. ఈ పాఠాలు ఐసొలేషన్‌లో, అంటే ఎవరితోనూ కలవకుండా గదిలో విడిగా ఉన్నవాళ్ల కోసం. అలా ఉన్నది జబ్బు చేసి అయితే మాత్రం ఇప్పుడే వద్దు. జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నన్నాళ్లూ కసరత్తు జోలికి పోకూడదు. ఆక్సీమీటర్‌లో అంకె 94 కంటే తగ్గితే డాక్టరుకు ఫోన్ చేయాలి. వైరస్ జ్వరాల్లో ఒక్కోసారి గుండె కండరానికి కూడా వాపు వస్తుంది. అలాంటప్పుడు ఒళ్లు శ్రమపెడితే గుండె లయ తప్పే ప్రమాదముంది. లక్షణాలన్నీ పోయి కనీసం వారం గడవాలి. ఆ తర్వాత కూడా మళ్లీ గోడ దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

ఇక కిటికీ దగ్గరికి రండి. ఉగాది ముందూ వెనకా, పొద్దున కాస్త ఎండెక్కాక, ప్రహరీ గోడ మీదో మునగ కొమ్మ మీదో మగ తొండ కనబడుతుంది. జతకట్టే కాలం కాబట్టి తల, భుజాలు నారింజ రంగు నుంచి ఎరుపుకు తిరిగి, గొంతుకు రెండు పక్కలా నల్లమచ్చ తేలి ఉంటుంది. (సామెతలోలాగా ముదిరి ఊసరవెల్లి మాత్రం అవదు. రెండూ వేర్వేరు కుటుంబాలు.) కాసేపు చూస్తే ముందుకాళ్లు చాపి ఛాతీ ఎత్తి దించుతుంది, గొంతు ఉబ్బిస్తుంది, తల ఊపుతుంది. ఈ గోడ నాదని ఇంకో మగ తొండకు హెచ్చరిక, ఆడ తొండకు కబురు. దగ్గరికెళ్తే కొమ్మకు అవతలి పక్కకు జరిగి నక్కుతుంది కాబట్టి కిటికీ లోంచే చూడండి. పిల్లల్ని రాళ్లు వేయనివ్వకండి. దానికి విషం లేదు, తోటలో పురుగుల్ని తింటుంది, బల్లిలా తోక తెంపుకుని తప్పించుకోవడమూ దానికి రాదు.

దాన్నెందుకు చూడమన్నామంటే, కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది తీసేది అచ్చం తొండ పుషప్పే. నడుము, వెనక కాళ్లు ఉన్నచోటే ఉంటాయి, ఛాతీ తల మాత్రం లేస్తాయి. ఎదుటి తొండ కంట పడితే చాలు కాబట్టి దానికది సరిపోతుంది. మనకు కావాల్సింది బరువు మోయడం. నడుము కిందికి వదిలేసి ఛాతీ ఒక్కటే లేపితే చేతులకు పని తగ్గుతుంది, నడుము దగ్గర వెన్ను అతిగా వంగుతుంది. మర్నాడు నొప్పి చేతుల్లో కాక నడుములో వస్తే కారణం ఇదేనని అనుమానించాలి.

నేల మీద పూర్తి పుషప్‌లో చేతులు మోసేది ఒంటి బరువులో సుమారు 64 శాతం. అంటే 70 కిలోల మనిషికి 45 కిలోలు. మోకాళ్లు నేలకు ఆనిస్తే 34 కిలోలు. చేతులు రెండడుగుల ఎత్తున పెడితే 29 కిలోలు. గోడ మీంచి ఒక్కసారిగా నేలకు దిగొద్దనేది అందుకే. ఈ పాఠమంతా రెండడుగుల బల్ల మీదే.

బల్లను గోడకు ఆనించి పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, జారుతుంది. చేతులు భుజాలకన్నా కాస్త ఎడంగా బల్ల అంచు మీద ఉండాలి. మడమ నుంచి తల దాకా ఒకే గీత అయ్యేంతవరకూ కాళ్లు వెనక్కి జరపండి. పిరుదులు బిగించి, పొట్ట గట్టిపరచండి. నడుము జారకుండా పట్టేది ఈ బిగింపే. మూడు లెక్కపెట్టే లోపు నెమ్మదిగా ఛాతీ అంచును తాకేదాకా దిగి, ఊపిరి వదులుతూ ఒక లెక్కలో లేవండి. మోచేతులు పక్కలకు రెక్కల్లా విచ్చుకోకూడదు, ఒంటికి 45 డిగ్రీల్లో వెనక్కి వాలాలి. విచ్చుకుంటే భుజం ముందు భాగం నొప్పెడుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు అరచేయి పరచకుండా అంచును గుప్పిట పట్టుకుంటే వంపు తగ్గుతుంది.

రెండో తొండ లక్షణం తల ఊపడం. ఛాతీ ఇంకా జానెడు పైనే ఉంటుంది, గడ్డం మాత్రం బల్లను తాకుతుంది, లెక్కలో ఒకటి పెరుగుతుంది. చూపు చేతులకు అడుగు ముందు నిలిపితే ఇది చాలావరకు పోతుంది. గదిలో తప్పు పట్టేవాళ్లు లేరు కాబట్టి ఫోన్‌ను పక్కగా, నడుము ఎత్తున నిలబెట్టి వీడియో తీసుకోండి. సగం దిగిన చోట ఆపి చూడండి. చెవి, భుజం, తుంటి, చీలమండ ఒకే వరసలో ఉండాలి.

రోజు విడిచి రోజు మూడు విడతలు, విడతకు ఎనిమిది, మధ్యలో తొంభై సెకన్ల విరామం. చేతులు ఇంకా లేస్తున్నా సరే, నడుము మొదటిసారి జారగానే ఆ విడత ఆపేయాలి. ఆరో లెక్కకే జారితే ఆ రోజుకు మీ అంకె ఆరే. మూడు విడతల్లోనూ పన్నెండు నిలకడగా వచ్చాక నాలుగో పాఠానికి రండి. అది మంచం పట్టె ఎత్తున ఉంటుంది. ఈలోగా పరుపు మీద ప్రయత్నించకండి, అరచేయి మెత్తగా దిగబడి మణికట్టు మెలిక పడుతుంది.