యాక్సిల్ విప్పాక పాత ఆయిల్ సీల్, పాత నట్టు మళ్లీ వేయొచ్చా? ఎలా తేల్చుకోవాలి?

సీవీ బూట్ (యాక్సిల్ కీలు మీది రబ్బరు తొడుగు) చిరిగిందనో, క్లచ్ పోయిందనో ఇంట్లోనే కారు విప్పుతాం. పని సగంలో ఉండగా ఒక పాత ఆయిల్ సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు), నాలుగు నట్లు చేతిలోకి వస్తాయి. బాగానే ఉన్నాయి కదా, మళ్లీ వేసేద్దాం అనిపిస్తుంది. ఈ నిర్ణయం విప్పకముందే తీసుకోవాలి. కారు స్టాండ్ల మీదికి ఎక్కాక కొట్టుకు పరుగెత్తడం ఎవరికైనా టెన్షనే.

1. ముందు కారు కిందికి టార్చ్ వేసి చూడండి

సీల్ చుట్టూ పల్చటి జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే అది చెమర్చడం మాత్రమే. దానికోసం యాక్సిల్ విప్పక్కర్లేదు. శుభ్రంగా తుడిచి, కొన్ని రోజులు నడిపి మళ్లీ చూడండి. చుక్క కట్టి పడుతుంటే మాత్రం వాయిదా వేయకండి. లోపల ఆయిల్ తగ్గేకొద్దీ గేర్లు, బేరింగులు అరుగుతాయి.

అయితే సీల్ మీద నేరం మోపేముందు బ్రీదర్ చూడండి. గేర్‌బాక్స్ వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి అది. మట్టితో మూసుకుపోతే ఆ ఒత్తిడంతా సీల్ మీద పడి ఆయిల్ తోసుకొస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా కొత్త సీల్ వేస్తే అదీ కారుతుంది.

2. నలిగి పనిచేసేవన్నీ కొత్తవే కొనండి

కొన్ని భాగాలు బిగించినప్పుడు నలగడం, వంగడం ద్వారానే పనిచేస్తాయి. వాటి పని ఒక్కసారితో సరి. డ్రెయిన్ ప్లగ్ కింద ఉండే రాగి లేదా అల్యూమినియం వాషర్, చెవి నొక్కి బిగించే బూట్ క్లాంపులు, స్ప్లిట్ పిన్ను, యాక్సిల్ లోపలి కొసన ఉండి అది జారిపోకుండా పట్టే సర్‌క్లిప్ రింగు, అంచును ఉలితో గాడిలోకి నొక్కి ఆపే యాక్సిల్ నట్టు, ఇవన్నీ ఆ కోవలోవే. గాట్లు ఉండి స్ప్లిట్ పిన్నుతో ఆగే నట్టు వేరు. దాని మరలు బాగుంటే చాలా కార్లలో నట్టు మళ్లీ వాడొచ్చు, పిన్ను మాత్రం కొత్తది వేయాలి.

డిఫరెన్షియల్‌ను (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) తిప్పే పినియన్ గేరు దగ్గర ఉండే క్రష్ స్లీవ్ అనే నలిగే గొట్టం కూడా ఇలాంటిదే. బేరింగుల మీద ఎంత బిగువు ఉండాలో అది నలిగిన కొలతే నిర్ణయిస్తుంది. ఎక్కువ బిగిస్తే నట్టు వదులు చేసి సరిచేయడం కుదరదు, కొత్త స్లీవ్ వేయాల్సిందే. మొదటిసారి చేసేవాళ్లు ఈ పని తెలిసినవాళ్లకు అప్పగించడం మంచిది.

3. సీల్‌ను, షాఫ్ట్‌ను వేలితో చూడండి

సీల్ బయటికి తీస్తే ఇక ఆలోచించకండి, కొత్తది వేయండి. తీసేటప్పుడే దాని లోహపు చట్రం వంగుతుంది. సీల్ తన గూట్లోనే (హౌసింగ్) ఉండి, యాక్సిల్ మాత్రం బయటికి వచ్చినప్పుడే అసలు ప్రశ్న.

షాఫ్ట్‌ను ఆనుకునే రబ్బరు అంచును మెకానిక్‌లు లిప్ అంటారు. దాన్ని వేలితో మెల్లగా నొక్కండి. మెత్తగా వంగి వెనక్కి రావాలి. ఎండిన తోలులా గట్టిగా ఉన్నా, పగుళ్లు కనిపించినా, వెనక ఉండే సన్నటి స్ప్రింగు ఊడినా మార్చండి. తర్వాత షాఫ్ట్ మీద సీల్ తిరిగే చోట గోరు అడ్డంగా గీయండి. గోరు ఆగితే అక్కడ గాడి పడింది. అదే గాడిలో నడిచే కొత్త సీల్ కూడా కారొచ్చు. గాడిని కప్పే పల్చటి లోహపు తొడుగు (రిపేర్ స్లీవ్) వేయడమో, షాఫ్ట్ మార్చడమో చూడాలి.

ఓ-రింగును కోసి చూడక్కర్లేదు. గుండ్రంగా ఉండాల్సింది ఒకవైపు చదునైతే దాని పని అయిపోయినట్టే.

4. బోల్టులకు సర్వీస్ మాన్యువల్ మాటే చివరిది

టార్క్ (ఎంత బలంతో బిగించాలో) విలువ చెప్పి, ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటే అనుమానించండి. అలాంటి బోల్టుల్లో చాలావరకు సాగేలా చేసినవే. ఒకసారి సాగినవి కంటికి కొత్తవాటిలాగే కనిపించొచ్చు. ఫ్లైవీల్ బోల్టులు చాలా కార్లలో ఇలాంటివే. నైలాన్ రింగు ఉన్న నట్టు వేళ్లతోనే చివరిదాకా తిరిగిపోతే పక్కన పడేయండి. మాన్యువల్ మళ్లీ వాడొచ్చన్న మామూలు బోల్టులైతే మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, పాత థ్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా రాసే జిగురు) తీసేసి, చెప్పిన చోట కొత్తది రాయండి. పొడి మరలకు చెప్పిన టార్క్‌ను నూనె రాసిన మరలకు వాడకండి. జారుడు వల్ల బోల్టు ఎక్కువ బిగుసుకుంటుంది.

5. మళ్లీ అక్కడికి చేరడం ఎంత కష్టమో లెక్కేయండి

నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్ద ప్రమాణం. డ్రెయిన్ ప్లగ్ వాషర్ కారితే అరగంటలో మార్చొచ్చు. ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన ఉండే సీల్ కారితే గేర్‌బాక్స్ మళ్లీ దించాలి. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు ఆ సీల్ తడిగా ఉన్నా, బండి పాతదైనా మార్చేయండి. పొడిగా, మెత్తగా ఉండి, బండి కొత్తదైతే నేను కదిలించను. వంకరగా కూర్చున్న కొత్త సీల్ కన్నా బాగున్న పాతదే మేలు.

6. వేసేటప్పుడు

పాత సీల్ ఎంత లోతులో ఉందో తీయకముందే కొలుచుకోండి. కొత్తదాని లిప్‌కు గేర్ ఆయిల్ రాయండి, పొడిగా తిరిగితే మొదటి నిమిషాల్లోనే కాలుతుంది. బయటి అంచుకు సరిపోయే సాకెట్ పెట్టి, సమంగా దిగేలా చిన్న దెబ్బలు వేయండి. యాక్సిల్ పళ్లు లిప్‌కు తగలకుండా మధ్యగా పట్టుకుని మెల్లగా దూర్చండి, లేకపోతే లిప్ కోసుకుపోతుంది. యాక్సిల్ నట్టు లేని చక్రం మీద కారు బరువు వేసి దొర్లించకండి, బేరింగ్ పాడవుతుంది.

చివరగా గేర్ ఆయిల్ మట్టం సరిచేసి, కాసేపు నడిపి వచ్చి, సీల్ కింద ఒక అట్టముక్క పరచండి. తెల్లారి దాని మీద మచ్చ ఉందో లేదో చూసుకోండి.